నాలుగేళ్ళకి 15 కేజీలు తక్కువా? ఒక్కో ఇంట్లో పిల్లల బరువు ఒక్కోలా ఎందుకుంటుంది

మీ ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంది కాబట్టి కొత్తగా చూసేవాళ్ళ కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మీ బాబుకి నాలుగేళ్ళు, 15 కేజీలు, 101 సెంటీమీటర్లు, డాక్టర్‌గారు ఏం ఫర్లేదన్నారు కానీ మీ అత్తగారు మాత్రం పిల్లాడు పుల్లలా అయిపోయాడని రోజూ దెప్పుతున్నారు. మీ ఇంట్లో పనికొచ్చే ఆవిడ కూతురిది కూడా అదే వయసు, 12 కేజీలు, 92 సెంటీమీటర్లు, ఆ పాప గురించి ఎవరూ ఏమీ అనరు. డాలస్‌లో ఉన్న మీ ఆడపడుచు కొడుక్కి ఏడేళ్ళు, 34 కేజీలు, 125 సెంటీమీటర్లు, వీడియో కాల్‌లో వాణ్ణి చూపించి పెంపకం అంటే అదీ అంటున్నారు. ఇది వంశమా, తిండా, డబ్బా అని అడిగారు. నేను మొదట్లో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే పథకం) ప్రాజెక్టుల్లో పల్లెల్లో తిరిగి, ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లల క్లినిక్‌లో న్యూట్రిషన్ చూస్తున్నాను, రెండు రకాల ఇళ్ళూ చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు జవాబు చెప్పేస్తా. ఈ ముగ్గురిలో బాగున్నది మీవాడే. మిగతా ఇద్దరి విషయంలోనే ఎవరో ఒకరు పట్టించుకోవాలి, విచిత్రం ఏంటంటే ఆ ఇద్దరినీ చూసి ఎవరికీ బెంగ లేదు.

లెక్క ఎలాగంటే, డబ్ల్యూహెచ్‌ఓ చార్టులో నాలుగేళ్ళ మగపిల్లాడి సగటు బరువు 16 కేజీల పైన కొంచెం, ఎత్తు 103 సెంటీమీటర్లు. మీవాడు రెండింట్లోనూ సగటుకి కొద్దిగా కిందున్నాడు, అంతే. సగటు అంటేనే సగం మంది ఆరోగ్యంగా ఉన్న పిల్లలు దాని కిందే ఉంటారని అర్థం, ఇది మాత్రం ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్ళకి ఎక్కదు, ర్యాంకుల మీద పెరిగాం కదా, 50వ పర్సంటైల్, అంటే వందమందిని వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో, అనగానే సగం మార్కులు వచ్చినట్టు ఫీలవుతారు. ఎత్తుకి తగ్గ బరువుంది, చురుగ్గా ఆడుకుంటున్నాడు, ఆర్నెల్ల కిందటి కంటే పెరిగాడు, ఇంకేం కావాలండి.

ఇప్పుడు ఆ పాప సంగతి. నాలుగేళ్ళ ఆడపిల్లకి 94 సెంటీమీటర్లు అనేది కింది గీత, దానికంటే తక్కువుంటే గిడసబారిన పిల్ల అని రాస్తారు. ఈ పాప 92. అంటే మామూలుగా పెరిగే పిల్ల రెండేళ్ళ ఎనిమిది నెలలకి చేరే ఎత్తులో ఈ పాప నాలుగేళ్ళకి ఉంది. బరువు కూడా వయసుకి కింది గీత కంటే ఒక పిసరు తక్కువే. కానీ చూస్తే ఏమీ తెలీదు, ఎందుకంటే 92 సెంటీమీటర్ల పిల్లకి 12 కేజీలు పెద్ద తక్కువేం కాదు, బుగ్గలుంటాయి, చేతులు మరీ సన్నగా ఉండవు, చూసేవాళ్ళు ఓహో చిన్న పాప అనుకుంటారు. అంగన్‌వాడీలో జబ్బకి చుట్టే రంగుల టేపు ఉంటుంది చూడండి, 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, 12.5 లోపు పసుపు, ఈ పాపకి ఆ టేపు చుడితే ఆకుపచ్చ వచ్చినా ఆశ్చర్యం లేదు. టేపు పట్టుకునేది ఎండిపోయిన పిల్లల్ని, పొట్టిగా ఆగిపోయిన పిల్లల్ని కాదు. అందుకే నేనెప్పుడూ బరువు ఒక్కటే చెప్తే ఏమీ చెప్పను, ఎత్తు కూడా చెప్పండి అంటాను.

డాలస్ బాబుది బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, దాదాపు 22. ఏడేళ్ళ మగపిల్లాడికి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చార్టులో ఒబేసిటీ గీత 19 దాటగానే మొదలవుతుంది. వాడు దాన్ని ఎప్పుడో దాటేశాడు.

సరే, ఎందుకు ఇలా అనేదానికి వద్దాం. వంశం నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ ముందు అదే అంటారు, "మా వైపు అందరూ పొట్టే", "మాది సన్నటి ఒళ్ళు" అని. డబ్ల్యూహెచ్‌ఓ ఈ చార్టులు 2006లో ఇచ్చింది, అవి ఏదో తెల్లవాళ్ళ పిల్లల్ని చూసి రాసినవని చాలామంది అనుకుంటారు, కాదు. 1997 నుంచి 2003 వరకు ఆరు దేశాల్లో పిల్లల్ని కొలిచారు, బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా, ఇంకోటి మన ఢిల్లీ, అందులోనూ దక్షిణ ఢిల్లీలో బాగా ఉన్నవాళ్ళ పిల్లలు. తల్లిపాలు తాగినవాళ్ళు, తల్లి సిగరెట్ తాగనివాళ్ళు, ఇంట్లో కనీస వసతులున్నవాళ్ళు, ఇలాంటి పిల్లల్నే తీసుకున్నారు. తీరా చూస్తే ఐదేళ్ళ లోపు ఎత్తులో ఈ దేశానికీ ఆ దేశానికీ మధ్య తేడా మొత్తం తేడాలో 3 శాతమే, మిగతాదంతా ఒకే ఊళ్ళో ఈ పిల్లకీ ఆ పిల్లకీ మధ్య ఉండే మామూలు తేడా. అంటే ఓస్లో పిల్లాడు, అక్రా పిల్లాడు, ఢిల్లీ పిల్లాడు తిండీ నీళ్ళూ సరిగా ఉంటే ఒకేలా పెరుగుతారు. ఒక పిల్లాడు తండ్రిలా కొంచెం పొట్టిగా ఉండటం వంశమే, కాదనను, కానీ ఒక బస్తీలో పిల్లల్లో మూడో వంతు మంది పొట్టిగా ఉంటే అది వంశం కాదు.

మన దగ్గర ఆ మూడో వంతు అనేది ఊరికే అన్న మాట కాదు. 2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్-5 సర్వేలో ఐదేళ్ళ లోపు గిడసబారిన పిల్లలు దేశం మొత్తం మీద 35.5 శాతం, ఆంధ్రాలో 31.2, తెలంగాణలో 33.1. తెలంగాణది అంతకుముందు సర్వేలో 28 ఉండేది, పెరిగింది. హైదరాబాద్ ఇంత పెరిగాక, రాష్ట్రం తలసరి ఆదాయం ఇంత పెరిగాక ఇదెలా అని చాలామంది అడిగారు, సర్వే చేసిన నెలలు వేరు, కొలిచినవాళ్ళు వేరు అని కొందరు కొట్టిపారేశారు కూడా. నాకైతే ఆ అంకె చూసి పెద్దగా ఆశ్చర్యం వేయలేదు, ఎందుకో కింద చెప్తా.

డబ్బు సంగతి తీసుకోండి. అదే సర్వేలో దేశంలో బాగా పేద ఇళ్ళని ఒక ఐదో వంతు తీసుకుంటే అక్కడ గిడసబారిన పిల్లలు 46 శాతం, బాగా ఉన్న ఐదో వంతులో 23 శాతం. మొదటి అంకె అందరూ ఊహించేదే. నన్ను అడిగితే రెండోది చూడాలి. కారో బైకో ఫ్రిజ్జో అన్నీ ఉన్న ఇళ్ళల్లో కూడా దాదాపు నలుగురిలో ఒకరు గిడసబారి ఉన్నారు. అంటే బియ్యం కొనలేక కాదు కదా. బియ్యం సంగతికొస్తే మన తెలుగు రాష్ట్రాల్లో 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటి నుంచి కడుపు నింపడానికి బియ్యం ఏదో ఒకలా దొరుకుతూనే ఉంది, తెలంగాణలో ఇప్పుడు రేషన్‌లో సన్నబియ్యమే ఇస్తున్నారు. కంచంలో అన్నం ఉంది, అన్నం పక్కన ఏముంది అన్నదే ప్రశ్న. చారు నీళ్ళు పోసి పలచగా కలిపిన నాలుగు ముద్దలు తిని పిల్ల కడుపు నిండిపోయిందంటుంది, నిజంగానే నిండిపోతుంది, కానీ అందులో పప్పు లేదు, నెయ్యి లేదు, గుడ్డు లేదు. ఆరు నెలల నుంచి రెండేళ్ళ మధ్య పిల్లల్లో తినాల్సినన్ని సార్లు, తినాల్సినన్ని రకాలు తింటున్నవాళ్ళు దేశం మొత్తం మీద 11 శాతమే అని అదే సర్వే చెప్పింది. ఆ వయసులోనే ఎత్తు పోతుంది, ఆ తర్వాత పోయింది తెచ్చుకోవడం కష్టం.

పేద ఇంట్లో ఇంకోటి జరుగుతుంది, నేను బస్తీల్లో రోజూ చూసేది. తల్లి పొద్దున్న ఆరింటికి నాలుగిళ్ళ పనికి బయల్దేరాలి, పిల్లకి వండి తినిపించే టైం లేదు, టీలో రెండు బిస్కెట్లు ముంచి పెట్టేసి వెళ్ళిపోతుంది. పదింటికి పిల్ల ఏడిస్తే ఇంట్లో ఉన్న పెద్ద పిల్లో ముసలావిడో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ కొనిస్తారు. టీ వల్ల తిన్న తిండిలో ఐరన్ సరిగా ఒంటికి పట్టదు, చిప్స్ వల్ల మధ్యాహ్నం ఆకలి ఉండదు. తల్లి సాయంత్రం వచ్చి అన్నం పెడితే పిల్ల నిద్రలో ఉంటుంది. ఆమెకి తెలీక కాదండి, చాలా ఇళ్ళల్లో ఆ ఇంటి పిల్లాడికి గుడ్డు ఉడకబెట్టి పెట్టేది పనావిడే కదా. తెలివి ఉంది, టైమూ డబ్బూ లేవు. దీనికి తోడు నీళ్ళు, కాలవలు, నెలకోసారి విరేచనాలు, జ్వరం. తిన్నది కూడా ఒంటికి పట్టకుండా పోతుంది.

ఇక కులం, మతం, ఆచారం, ఈ కల్చర్ అనే మాటలోకొచ్చేవన్నీ. ఇక్కడ చాలామంది శాకాహారమా మాంసాహారమా అన్న గొడవలో పడిపోతారు, నాకది అంత పెద్ద విషయంగా అనిపించదు, పాలు పెరుగు పప్పు సరిగా తినే శాకాహారి పిల్లలు చక్కగా పెరుగుతారు. నేను చూసినంతలో పిల్లల బరువు మీద మన ఆచారాల దెబ్బ పిల్ల పుట్టకముందే పడుతుంది, కోడలి కంచం మీద.

కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ తింటే బిడ్డ లావైపోతుంది, కాన్పు కష్టమవుతుంది అని తగ్గించి తినమనే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, ఊళ్ళల్లోనే కాదు, ఆపరేషన్ తప్పించుకోవాలని సిటీలో కూడా. కాన్పయ్యాక పథ్యం, కొన్ని ఇళ్ళల్లో నెలల తరబడి కారప్పొడి, వెల్లుల్లి, నెయ్యి వేసిన అన్నం తప్ప కూర లేదు, పప్పు తింటే బిడ్డకి వాతం అంటారు, నీళ్ళు కూడా కొలిచి ఇస్తారు. ఇంట్లో అందరూ తిన్నాక చివర్లో తినేది ఆవిడే. కాఫీ, ఖేరా, స్పియర్స్ అనే ముగ్గురు పరిశోధకులు చేసిన పని ఒకటుంది. పల్లెల్లో ఉమ్మడి కుటుంబాలు తీసుకున్నారు, ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే ఆస్తి, అన్నదమ్ములిద్దరి పిల్లలు. పెద్ద కోడలి పిల్లల కంటే చిన్న కోడలి పిల్లలు పొట్టిగా ఉన్నారు. అవే తాతముత్తాతలు, అదే బియ్యం డబ్బా. తేడా ఆ ఇంట్లో చిన్న కోడలి స్థానం ఒక్కటే. ఇది చదివినప్పుడు నాకు ఐసీడీఎస్ రోజుల్లో చూసిన ఇళ్ళు కళ్ళముందు కనపడ్డాయి, బాలింత గదిలో కంచం చూస్తే ఆమె ఎన్నో కోడలో చెప్పేయొచ్చు అనేది మా అంగన్‌వాడీ టీచర్ ఒకావిడ, ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం.

ఇంకోటి, సీమ జయచంద్రన్, రోహిణి పాండే 2017లో వేసిన పేపర్. ఆఫ్రికాలో మనకంటే పేద దేశాల పిల్లలు మన పిల్లల కంటే ఎత్తు ఉంటారు, ఇది చాలాకాలంగా అందరికీ పెద్ద పజిల్. వీళ్ళు చూసిందేంటంటే మొదటి కాన్పు పిల్లల్లో మనవాళ్ళేం తక్కువ లేరు, రెండో బిడ్డ నుంచి తేడా మొదలై మూడో బిడ్డకి బాగా పెరిగిపోతుంది. పెద్ద కొడుకు మీద పెట్టిన శ్రద్ధ తర్వాత పుట్టినవాళ్ళ మీద లేదు, మగపిల్లాడి కోసం చూసి చూసి పుట్టిన ఆడపిల్లల మీద అసలే లేదు. మీ పనావిడ పాప ఎన్నో బిడ్డో మీరు రాయలేదు, అడిగి చూడండి.

ఇంకో చిన్న విషయం, దిష్టి. నవ్వకండి, ఫీల్డులో ఇది పెద్ద తలనొప్పి. బిడ్డని తూకం వేస్తే దిష్టి తగులుతుందని, బరువు బయటికి చెప్తే పెరగదని తూకం రోజు సెంటర్‌కి రాని తల్లులు ఉంటారు, వచ్చినా కార్డు చూపించరు. మేము తూకం వేసి, బుగ్గన ఇంకో చుక్క పెట్టి, ఉప్పు దిగదుడవమని మేమే చెప్పి పంపేవాళ్ళం. వాళ్ళ నమ్మకంతో పోట్లాడితే మళ్ళీ నెల రారు.

పిల్లలకి తిండి పెట్టే ప్రభుత్వ పథకాలు పనిచేస్తాయా అని కింద కామెంట్లలో ఎవరో అడిగారు, దానికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళల్లో, ఐసీడీఎస్ అంచెలంచెలుగా వస్తున్న టైంలో, ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు ఒక ట్రయల్ చేశారు. సగం ఊళ్ళల్లో కడుపుతో ఉన్న తల్లులకి, ఆరేళ్ళ లోపు పిల్లలకి రోజూ ఉప్మా పెట్టారు, మక్కజొన్న సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా, తల్లికి 500 క్యాలరీలు, పిల్లకి 300. మిగతా సగం ఊళ్ళకి అప్పటికింకా ప్రోగ్రామ్ రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ళ వయసుకొచ్చాక మళ్ళీ వెతికి కొలిచారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు. ఇంతేనా అంటారేమో, ఉప్మా తినే తల్లి ఇంట్లో అన్నం తగ్గించి తినుండొచ్చు, ఇంటికి తీసుకెళ్ళి పంచుకుని ఉండొచ్చు, అయినా ఆ మాత్రం నిలబడింది. దానికంటే ముఖ్యమైనది, వాళ్ళల్లో ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం) తక్కువుంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. అంటే చిన్నప్పుడు సరిగా తిన్న పిల్ల ఆ వయసుకి షుగర్‌కి కాస్త దూరంగా జరిగిందనుకోవచ్చు. ఒళ్ళు కొవ్వు పట్టలేదు కూడా. అందుకే పేద పిల్లలకి గుడ్లూ పాలూ ఇస్తే లావెక్కిపోతారేమో అనే మాట విన్నప్పుడు నాకు చిర్రెత్తుకొస్తుంది.

ఇప్పుడు డబ్బున్నవైపు. ఇక్కడ లెక్క తిరగబడే చోటు ఒకటుంది. 1989లో సోబల్, స్టంకార్డ్ అనేవాళ్ళు అప్పటిదాకా వచ్చిన 144 స్టడీలు చదివి చెప్పారు, పేద దేశాల్లో డబ్బున్నవాళ్ళు లావుగా ఉంటారు, డబ్బున్న దేశాల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, పేదవాళ్ళు లావుగా ఉంటారు అని. అమెరికాలో 2017–2020 లెక్కల్లో 2 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో ఒబేసిటీ బాగా తక్కువ ఆదాయం ఇళ్ళల్లో 25.8 శాతం, బాగా ఎక్కువ ఆదాయం ఇళ్ళల్లో 11.5. ఇంగ్లండ్‌లో బడిలో ప్రతి పిల్లాణ్ణి 4–5 ఏళ్ళప్పుడు, మళ్ళీ 10–11 ఏళ్ళప్పుడు తూకం వేస్తారు, అక్కడా పేద ఏరియాల్లో ఒబేసిటీ ఉన్న పిల్లలు డబ్బున్న ఏరియాల కంటే రెండింతలు. అక్కడ కూరగాయలు, పండ్లు, ఆడుకునే పార్కు, ఖాళీ టైం, ఇవి ఖరీదు, పిజ్జా చవక. మన దగ్గర ఇంకా పిజ్జా ఖరీదు, అందుకే లావు పిల్లలు ఇంటర్నేషనల్ స్కూళ్ళల్లో, సన్నటి పిల్లలు సర్కారు బళ్ళల్లో కనపడతారు. కానీ ఐదు రూపాయల ప్యాకెట్ వచ్చాక మన లెక్క కూడా కదులుతోంది. బస్తీల్లో పొట్టిగా ఉండి పొట్ట వచ్చిన పదేళ్ళ పిల్లల్ని ఇప్పుడు చూస్తున్నాను, ముందు ఇలాంటివాళ్ళు కనపడేవాళ్ళు కాదు. ఒకే ఒంట్లో చిన్నప్పటి ఆకలీ, ఇప్పటి చక్కెరా రెండూ ఉన్నాయి. ఒకే ఇంట్లో తల్లి లావు, పిల్ల గిడసబారి ఉండటం కూడా మామూలైపోయింది.

మరి మీ ఆడపడుచు కొడుకు పేద ఇంటి పిల్లాడు కాదు కదా అంటారు. కాదు. అమెరికా లెక్కల్లో ఆసియా పిల్లల ఒబేసిటీ 9 శాతమే, మిగతా అందరికంటే తక్కువ, అది చూసి మనవాళ్ళు ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యం నాకు నచ్చదు, రెండు కారణాలు.

ఒకటి, ఆసియా అనే డబ్బాలో చైనా, కొరియా, ఫిలిప్పీన్స్, మనవాళ్ళు అందరూ ఉన్నారు. రెండు, మన ఒళ్ళు వేరేగా కొవ్వు దాస్తుంది. పుణె దగ్గర పల్లెల్లో డాక్టర్ యాజ్నిక్ బృందం పుట్టిన పిల్లల్ని కొలిచారు, సగటు బరువు 2.7 కేజీలు, ఇంగ్లండ్ పిల్లలు 3.5. అంత సన్నగా పుట్టినా వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు, తగ్గిందంతా కండ, పొట్ట భాగం. తర్వాత 2004లో యాజ్నిక్, లండన్‌లో యుడ్కిన్ అనే ఇంకో డాక్టర్ ఇద్దరూ తమనే తాము కొలుచుకుని లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు, ఇద్దరి బీఎంఐ 22.3, యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్ ఒంట్లో 21.2. అందుకే మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన చార్టుల్లో ఐదేళ్ళు దాటిన పిల్లలకి గీతలు కిందికి జరిపారు, పెద్దయ్యాక బీఎంఐ 25 అయ్యే గీత బదులు 23 అయ్యే గీతనే ఓవర్‌వెయిట్ అన్నారు. డాలస్ పిల్లాడు అమెరికా చార్టులోనే దాటాడు కాబట్టి వాడికి ఈ గొడవ అక్కర్లేదు, కానీ అక్కడ 80వ పర్సంటైల్‌లో ఉన్న మన పిల్లల్ని వాళ్ళ డాక్టర్లు నార్మల్ అనేస్తారు, నేనైతే నడుం కూడా కొలవమంటాను.

ఆ ఇళ్ళల్లో ఏం జరుగుతుందో నాకు వీడియో కన్సల్టేషన్లలో కనపడుతూనే ఉంటుంది. బడిలో లంచ్‌కి పిజ్జా, చికెన్ నగ్గెట్లు, ఇంటికొచ్చాక మళ్ళీ అన్నం పప్పు నెయ్యి, రాత్రి దోశలు. అమెరికా తిండి మానకుండా మన తిండి కలిపారు, రెండు పూటల తిండి మూడున్నర పూటలైంది. బయటికెళ్ళాలంటే కారు, పక్కింటి పిల్లలతో ఆడుకోవాలంటే ప్లే డేట్, కుమాన్ ట్యూషన్ ఒకటి, పియానో ఒకటి, ఇక పరిగెత్తేది ఎప్పుడు. తాతగారు అమ్మమ్మగారు ఆర్నెల్ల వీసా మీద వస్తారు, వాళ్ళ చిన్నప్పుడు ఇంట్లో ఎవరో ఒక పసిబిడ్డ పోయి ఉంటుంది, బొద్దుగా ఉన్న పిల్ల బతుకుతుంది, సన్నటి పిల్ల జ్వరానికి పోతుంది అనేది వాళ్ళు కళ్ళారా చూసిన సంగతి. ఆ కాలానికి అది తప్పు కాదు కూడా. మీ అత్తగారి మాట ఆ భయం నుంచి వస్తుంది, మిమ్మల్ని సాధించడానికి కాదేమో. ఆవిడతో వాదించకండి, పని చేయదు. నేను క్లినిక్‌లో చేసేది ఒకటే, చార్ట్ తీసి అత్తగారి చేతికే పెన్ను ఇచ్చి చుక్కలు పెట్టిస్తా, రెండేళ్ళప్పుడు ఇక్కడ, మూడేళ్ళప్పుడు ఇక్కడ, ఇప్పుడు ఇక్కడ, గీత వెంటే వెళ్తున్నాడు చూడండమ్మా అని. సగం మంది శాంతిస్తారు. మిగతా సగం మంది "చార్టుల సంగతి నాకెందుకు, నేను ఐదుగుర్ని పెంచాను" అంటారు, అప్పుడు చేసేదేం లేదు, నవ్వి ఊరుకోవడమే.

మీవాడి విషయంలో నేను అడిగేవి రెండే. రోజుకి ఎన్ని పాలు తాగుతున్నాడు? మీ పోస్టులో పొద్దున్న ఒక గ్లాసు, సాయంత్రం ఒకటి, పడుకునేముందు ఒకటి, మూడింట్లోనూ చాక్లెట్ పౌడర్ అని రాశారు. గ్లాసు 250 అనుకున్నా 750 మిల్లీలీటర్లు, వాడికి అన్నం ఎక్కడ పడుతుంది చెప్పండి. దాన్ని 400 లోపుకి తీసుకురండి, పౌడర్ తీసేయండి. ఆ పౌడర్లు బలం కోసం అనుకుంటారు, చాలావాటిల్లో చక్కెర బాగా ఉంటుంది, 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ షాపింగ్ సైట్లకి వీటిని హెల్త్ డ్రింక్స్ అనే కేటగిరీలోంచి తీసేయమని చెప్పింది కూడా. రెండోది, ఫోన్ చూపిస్తూ తినిపించడం. గంటసేపు వెంటపడి, ఫోన్ పెట్టి, నోట్లో కుక్కితే వాడికి ఆకలేదో కడుపు నిండటమేదో తెలీకుండా పోతుంది, డాలస్ పిల్లాడి కథ చాలా ఇళ్ళల్లో ఇక్కడే మొదలవుతుంది. కంచం పెట్టండి, ఇరవై నిమిషాలు చూడండి, తినకపోతే తీసేయండి. మూడు రోజులు మీ అత్తగారు మీతో మాట్లాడరు, నాలుగో రోజు వాడే అడుగుతాడు.

ఆడపడుచుకి మీరు డైరెక్టుగా చెప్పకండి, గొడవలవుతాయి. వాళ్ళ పీడియాట్రీషియన్ దగ్గర వెల్ చైల్డ్ విజిట్‌లో (జబ్బు లేకపోయినా చేసే మామూలు చెకప్‌లో) బీఎంఐ పర్సంటైల్ ఎంతొచ్చిందో మీ ఆయన్ని మామూలుగా అడగమనండి. ఏడేళ్ళ పిల్లాడికి బరువు తగ్గించే డైట్లు పెట్టరు, బరువు అక్కడే ఆగి ఎత్తు పెరిగితే చాలు, జ్యూస్, సోడా మానేసి రోజుకో గంట పరిగెడితే చాలామంది పిల్లలకి అదే సరిపోతుంది. మెడ వెనక నల్లగా మందంగా చారలేమైనా ఉన్నాయేమో మాత్రం చూడమనండి, ఉంటే మురికి అని రుద్దొద్దు, అది ఇన్సులిన్ సంగతి, డాక్టర్‌కి చూపించాలి.

ఇక ఆ పాప. మీకు నిజంగా ఏదైనా చేయాలనుంటే మిగిలిన కేకు, బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చి పంపకండి, చాలామంది మంచి మనసుతోనే అదే చేస్తారు. రోజుకో ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుశనగ పప్పు బెల్లం ఉండలు, మీ ఇంట్లోనే మీ బాబుతో పాటు కూర్చోబెట్టి పెట్టండి, ఇంటికిస్తే నలుగురు పంచుకుంటారు, అది సహజం. వాళ్ళు పక్క జిల్లా నుంచి వచ్చినవాళ్ళైతే రేషన్ కార్డు ఊళ్ళో ఉంటుంది, అంగన్‌వాడీలో పేరు ఎక్కడా ఉండదు, వలస వచ్చిన చాలా కుటుంబాల పిల్లలు ఇలా రెండు చోట్లా లెక్కలోంచి జారిపోతారు, తెలంగాణ అంకె చూసి నాకు ఆశ్చర్యం వేయలేదన్నది అందుకే. ఉన్న చోటే అంగన్‌వాడీలో పేరు రాయించుకోవచ్చు, ఆధార్ తీసుకుని వెళ్ళమనండి, ఆరేళ్ళ దాకా అక్కడ భోజనం, గుడ్డు ఉంటాయి, మీరు ఒకసారి తోడు వెళ్తే పని తొందరగా అవుతుంది, ఇది చెప్పడానికి బాగోదు కానీ నిజం. నులిపురుగుల మాత్ర ఎప్పుడు వేశారో అడగండి, వీలైతే ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి.

నాలుగేళ్ళ పాప ఎత్తు మొత్తం వెనక్కి రాదు, కొంత వస్తుంది. ఆంధ్రా తెలంగాణల్లో 2002 నుంచి దాదాపు 3,000 మంది పిల్లల్ని ఫాలో అయిన యంగ్ లైవ్స్ స్టడీలో గిడసబారిన పిల్లల్లో కొంతమంది తర్వాత్తర్వాత కోలుకున్నారు, కాబట్టి ఇక అయిపోయిందని వదిలేయడానికి లేదు. కానీ ఆవిడకి ఇంకో చంటిబిడ్డ ఉన్నాడని మీరు కామెంట్లో రాశారు, ఎనిమిది నెలలు అన్నారు. నేనైతే ముందు వాడి దగ్గరికెళ్తాను. ఏం పెడుతున్నారు, ఎన్నిసార్లు పెడుతున్నారు, ముద్ద గట్టిగా ఉందా జారుగా ఉందా, అంగన్‌వాడీ వాళ్ళిచ్చే బాలామృతం పిండి ప్యాకెట్ వస్తోందా, వస్తే వాడికే పెడుతున్నారా ఇంట్లో అందరూ తింటున్నారా. వాడి టీకాల కార్డులో వెనక గ్రోత్ చార్ట్ ఉంటుంది, పుట్టినప్పటి బరువు, ఇప్పటి బరువు, పొడవు అందులో ఉన్నా లేకపోయినా కొలిచి ఇక్కడ రాయండి, పేరు అక్కర్లేదు, ఆ అంకెలు చూసి మిగతాది చెప్తాను.